కత్తెర పడని కొమ్మ

"చెట్టు చూడు, ఈకలు పీకిన కోడిలా ఉంది. కత్తెర తే," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఆయన ఆఫీసులో పైవాళ్లు సాయంత్రం ఇంటికి భోజనానికొస్తున్నారు మరి.

గేటు పక్కన మనిషెత్తు దాటిన పూలపొద అది. చలి మొదలవగానే సగం ఆకు రాల్చుకుంటుంది, సగం ఉంచుకుంటుంది. దాని తీరే అంత. జానెడు పుల్లగా తెచ్చి నాటింది ఆమె. బట్టలు జాడించిన నీళ్లు బకెట్లతో మోసిందీ, పురుగు పడితే ఆకు ఆకూ తుడిచిందీ ఆమే. ఆయనగారు ఏడాదికోసారి, సరిగ్గా ఆకు పల్చబడ్డప్పుడు, బంతిలా గుండ్రంగా కత్తిరిస్తాడు. చూసినవాళ్లు "మీవారి చేతిలో కళ ఉందండీ" అంటారు. ఆమె వాళ్లు తాగిన కాఫీ కప్పులు ఏరుకుంటుంది.

పువ్వు మాత్రం పూయదు. అత్తగారు తీర్పు చెప్పేసింది: "మా కోడలి చేతికి చలవ లేదు." విని విని ఆమెకూ నిజమేననిపించింది. ఎరువు మార్చింది, మట్టి మార్చింది. తను పనికెళ్లే కుట్టుషెడ్డులో గుడ్డ కోస్తున్నా మనసు ఆ పొద చుట్టూనే తిరిగేది. కుదురన్నది లేదు. ఏం తప్పు చేస్తున్నాను? ఇంకేం చెయ్యాలి?

మొన్న వేసవిలో, గాలికి ఎగిరిన దుప్పటి కోసం పొదకీ గోడకీ మధ్య సందులో దూరింది. అక్కడ, ఆయన చెయ్యి అందని చోట, ఒకే ఒక్క కొమ్మ నిలువెల్లా తెల్లగా పూసి ఉంది. దానికీ అవే నీళ్లు, అదే మట్టి, అదే చలవలేని చెయ్యి! పడనిదల్లా కత్తెర. అప్పట్నుంచీ ఆమెకు ఒళ్లు మండుతూనే ఉంది. చలి రాగానే కొమ్మల చివర్లు తడిమి చూసింది. గింజల్లాంటి మొగ్గలు, వేసవి దాకా కళ్లు మూసుకుని పడుకున్నవి. ఏటా ఆయన కళ తెగ్గోసింది వీటినే. చెప్పబోతే "నాకు నేర్పుతావా?" అన్నాడు.

"ఏమేవ్, కత్తెర అడిగి ఎంతసేపైంది?"

"ఇవ్వను."

పేపరు కిందికి దిగింది. ఏం చెప్పినా సగం వినపడని అత్తగారికి ఆ ఒక్క ముక్కా వినపడింది. "వచ్చినవాళ్లు చూసి నవ్విపోరుటే?"

"నవ్వనివ్వండి అత్తయ్యా. నవ్వితే మొగ్గ రాలదు."

"పిచ్చి పట్టిందా నీకు?" భర్త లేచాడు.

ఆమె కత్తెర చంకన పెట్టుకుని పొద ముందు కుర్చీ వేసుకుంది. కూర్చుంది.

"పూలు అయిపోయాక నేనే కత్తిరిస్తాను. ఈలోగా మీకంత చెయ్యి దురదపెడితే, వంటింట్లో బుట్టెడు కూరగాయలున్నాయి. వెళ్లి తరగండి."