అమ్మకు మిగిలిన ఒక్క మాట

అమ్మ నా ముందు నడుస్తోంది, చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని, గర్ల్స్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పిల్లల్ని పరిగెత్తించిన రోజుల్లో ఎలా నడిచేదో అలాగే. నేనెంత వేగంగా వెళ్లినా మా ఇద్దరి మధ్య దూరం తగ్గడం లేదు. కాళ్ల కింద ఉన్నది స్కూలు గ్రౌండులోని ఎర్రమట్టి అనుకుంటాను గానీ కాసేపటికి అది ఆసుపత్రి వరండాలోని చల్లటి బండలవుతుంది, మళ్లీ మట్టవుతుంది, అమ్మ మాత్రం ఎక్కడా తడబడదు. ఆమె పోయి రెండో ఏడు నడుస్తోందని నాకు తెలుసు. దానికి ఆశ్చర్యం లేదు. ఆ కుడికాలు అంత తేలిగ్గా లేచి పడుతుండటమే ఆశ్చర్యంగా ఉంది.

"అమ్మా, మెల్లగా" అంటాను.

"ఏటే నీలా, ఈ మాత్రానికే రొప్పుతున్నావా?" అంటుంది వెనక్కి తిరక్కుండా.

ఆ గొంతు వినగానే నా కాళ్లు ఆగిపోతాయి. మైకు అక్కర్లేని గొంతు అది. వరహాలు టీచరు అరిచిందంటే గోడ అవతల రోడ్డు మీద పోతున్న సైకిలు కూడా ఆగుతుందని ఊళ్లో నవ్వుకునేవారు. అలాంటి గొంతులో చివరి నెలల్లో ఒకే ఒక్క మాట మిగిలింది. పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ పడిపోయింది. పక్షవాతమన్నారు. కుడిపక్కంతా పోయింది, మాటలన్నీ పోయాయి, "పద" అన్న మాట మాత్రం ఏ మూల ఇరుక్కుందో, ఉండిపోయింది. బతుకంతా పిల్లల్ని ముందుకు తోలిన మాట. "అది మాట కాదమ్మా, నోటి అలవాటు, దానికి అర్థం వెతక్కండి" అని డాక్టరు చెప్పాడు. వెతక్కుండా ఎలా ఉంటాం? ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకుని "పద, పద" అని లాగేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. నేనూ తమ్ముడు సన్యాసిరావూ ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి స్కూలు గ్రౌండుకు తీసుకెళ్లాం. నాలుగువైపులా చూసి "పద" అంది. ఆమె పుట్టి పెరిగిన వీధికి తీసుకెళ్లాం. భీమిలి సముద్రానికి తీసుకెళ్లాం. అక్కడ అలల వైపు చూసి మరింత గట్టిగా "పద" అంది. ఆమె వెళ్లాలనుకున్న చోటేదో మాకు దొరకనే లేదు.

ఇప్పుడు గొంతు తిరిగొచ్చింది కదా, ఇప్పుడు అడగొచ్చు కదా అనుకుంటూ నోరు తెరవబోతాను. అంతలో చెరకు లారీ ఒకటి వచ్చి మా పక్కన ఆగుతుంది, దాని మీద రిబ్బన్లు కట్టుకున్న ఆడపిల్లలు, చెరకు మోపుల మీద ఎగిరెగిరి పడుతూ. ఆ లారీ నాకు తెలుసు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని జిల్లా కబడ్డీ పోటీలకు పోతే స్కూలు పరువేం కావాలని హెడ్మాస్టరు బస్సు ఇవ్వనన్న ఏడు, అమ్మ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపిన లారీ. జట్టు మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఓడి తిరిగొస్తూ ఊరి పొలిమేర నుంచి స్కూలు గేటు దాకా "వచ్చే ఏడు చూడండి" అని అరుచుకుంటూ వచ్చారు, అందరికన్నా గట్టిగా అమ్మే అరిచింది. గెలిచారేమోననుకుని జనం దండలు పట్టుకొచ్చారు. తెచ్చిన దండలు వెనక్కెందుకని అమ్మ అవి పిల్లల మెళ్లో వేయించింది.

నేనూ ఎలాగో లారీ ఎక్కాను, ఎక్కిన గుర్తు లేదు. అమ్మ చెరకు గడ ఒకటి తీసి పళ్లతో చీలుస్తోంది. పిల్లల నోళ్లు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. లారీ కదులుతున్నా చెట్లు కదలడం లేదు.

"అమ్మా, ఎక్కడికి పదమన్నావు?"

"ఎప్పుడే?"

"మంచంలో ఉన్నప్పుడు. రోజూ. నా చెయ్యి పట్టుకుని లాగేదానివి."

అమ్మ నమలడం ఆపుతుంది.

"ఎక్కడికో పోదామంటున్నాననుకున్నారా?"

"మరేం అనుకోవాలి?"

"దాహమేస్తే పదన్నాను. నడుం కింద దుప్పటి ముడత ఒత్తుకుంటుంటే పదన్నాను. సన్నాసిగాడు గడ్డం పెంచుకుని దిగాలుగా తిరుగుతుంటే, పోయి గీయించుకురారా అన్నాను. నిన్ను పిలుద్దామన్నా అదే వచ్చేది. లోపల మాటలన్నీ సరిగ్గానే ఉండేవే, నీలా. నోటిదాకా వచ్చేసరికి అన్నీ ఒకటే అయిపోయేవి. మీరేమో వెంటనే కుర్చీలోకెత్తి బయల్దేరదీసేవారు." ఉన్నట్టుండి ఆమెకు నవ్వొస్తుంది, పొట్ట పట్టుకుని నవ్వుతుంది, ఆ నవ్వుకి లారీ పక్క చెక్కలు కూడా అదురుతాయి. "మంచినీళ్లడిగితే సముద్రానికి తీసుకెళ్లారు కదే!"

"నవ్వకమ్మా."

"మరేం చెయ్యమంటావు? ఏడుపు అప్పుడే అయిపోయింది."

నాకు నవ్వు రాదు. నిజంగా అమ్మే చెబుతోందా, నేనే ఆమె నోట్లో ఈ మాటలు పెట్టుకుంటున్నానా అన్న అనుమానం వస్తుంది. అడిగితే అమ్మ మాయమైపోతుందేమోనని భయమేసి అది అడగను. దానికన్నా ముఖ్యమైనది ఒకటుంది.

"చివరి రోజు?" అంటాను.

అమ్మ చేతిలోని చెరకు గడ పక్కన పెడుతుంది.

"చివరి రోజు మధ్యాహ్నం నువ్వు నా చెయ్యి లాగలేదు. నా మొహంలోకి చూసి, మెల్లగా, ఒక్కసారే అన్నావు. నీళ్లు పట్టాను, తాగలేదు. పక్కకు తిప్పాను. ఫ్యాను పెంచాను. తమ్ముణ్ణి పిలిచాను. ఏదీ కాదన్నట్టు నన్నే చూస్తూ ఉండిపోయావు. అప్పుడేం అడిగావమ్మా?"

లారీ లేదు. పిల్లలు లేరు. ఆసుపత్రి వరండా ఉంది, దాని చివర ఎండ ఉంది, అమ్మ ఆ ఎండ వైపు నడుస్తోంది, ఆమె కుడికాలు బండ మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. నేను పరిగెత్తి ఆమె భుజం పట్టుకుంటాను. ఆమె తిరుగుతుంది. చెప్పాలనే ఉంది ఆమెకు, పెదవులు వణుకుతున్నాయి, మెడ నరాలు బిగుసుకుంటున్నాయి, నేను చెవి ఆమె నోటి దగ్గర పెట్టి ఊపిరి బిగబట్టి వింటాను.

"పద" అంటుంది అమ్మ, మెల్లగా, ఒక్కసారి.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చేసింది. మా ఆయన శ్రీహరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏమైంది నీలా? ఒకటే మూలుగుతున్నావు. ఏం కావాలి?" అన్నాడు కంగారుగా. నాలుక పిడచగట్టుకుపోయి మాట పెగల్లేదు. కిటికీ పక్కన బల్ల మీద ఉన్న నీళ్ల సీసా వైపు చెయ్యి చూపించాను. ఆయన అటు చూసి, మళ్లీ నన్ను చూసి, గబగబా వెళ్లి కిటికీ తలుపులు మూసేశాడు. గది చీకటైంది. వచ్చి మంచం అంచున కూర్చుని నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఎండ మొహం మీద పడుతోంది కదూ. ఇప్పుడు బాగుందా?" అన్నాడు.

ఆయన మొహంలో ఎంత ఆత్రముందో ఆ మసక వెలుతుర్లోనూ కనిపిస్తోంది. బాగుందని తలూపాను.