సోడా గ్యాసు మంచు

మరబోట్లు మైపాడుకు కొత్తగా వచ్చిన ఏడు అది. చెంగయ్య బోటు ఇసుకలో ఒడ్డెక్కి కూర్చుంది. నీళ్లలో బోటును తోసే పంకా కడ్డీని పట్టి ఉంచే ఇత్తడి బుష్షు అరిగిపోయింది. మరలు బాగుచేసే మౌలా, తన పాకలో ఇత్తడిని గుండ్రంగా చెక్కే లేతు మీద కొత్తది చేశాడు. కడ్డీ దూరే గొట్టంలో బిగుసుకోవాలంటే అది గొట్టం కంటే వెంట్రుకవాసి లావు ఉండి తీరాలి. ఆ లావుతోనే చిక్కు. సుత్తితో దింపబోతే నెర్రె విచ్చింది. గొట్టాన్ని కాల్చి వెడల్పు చేద్దామంటే చుట్టూ కొయ్య. మరొకటి చేశాడు. ఇదీ పగిలితే ఇంక ఇత్తడి లేదు. మౌలాను నమ్మి మరబోటు పని ఇచ్చేవాడూ ఉండడు.

"చలికి ఇత్తడి ముడుచుకుంటాదని ఐసులో పెట్టి చూసినానక్కా. ఆ చలువ చాల్లేదు," అన్నాడు సోడా అంగడి నడిపే అక్క జాన్‌బీతో. "నీ గ్యాసు సిలిండరు..."

"అదుంటేనే గదరా నా అంగడి! ఎండాకాలం. మద్రాసు నుంచి ఇంకోటి ఎప్పుడొస్తాదో."

మౌలా తల ఊపి వెనక్కి తిరిగాడు. గొడవ పడినా బాగుండేదనిపించింది ఆమెకు. సిలిండరు దొర్లించుకు పొమ్మని తానూ వెంట నడిచింది.

బోటు పక్కన మౌలా దిండు గలేబును సిలిండరు మూతికి కట్టి మర తిప్పాడు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏంది మౌలా, పాముల్ని ఆడిస్తా ఉండావా?" చెంగయ్య నవ్వాడు.

ఎంత పోయిందో ఏమో. ఇప్పుడాపితే కొన్నాళ్లయినా అంగడి నడుస్తుంది. కానీ ఒకసారి నిండు సిలిండరు ఒరిగిపడితే మూతిలోంచి తెల్లటి పొడి రాలడం జాన్‌బీ చూసింది.

"తలకిందులు చెయ్‌రా. లోపల నీళ్లలా ఉండేది బయటికి రావల్ల."

"అంతా పోతాదక్కా."

"పోనీ."

ఈసారి గలేబు బిర్రబిగిసింది. విప్పితే లోపల ఉప్పులా తెల్లని మంచు, పొగలు కక్కుతూ. చెంగయ్య చెయ్యి చాచాడు.

"ముట్టబాకన్నా! తోలు ఊడొస్తాది," అని మౌలా ఆపాడు.

బుష్షును ఆ మంచులో పాతిపెట్టారు. కాసేపటికి మౌలా గోనెపట్టాతో దాన్ని పైకి తీశాడు. అక్క వైపు చూశాడు. వంకరగా పడితే అక్కడే ఉబ్బి బిగుసుకుంటుంది, మళ్లీ ఊడదు.

"నా మొహం జూసేదేంది? గొట్టాన్ని జూడు," అంది జాన్‌బీ.

బిస్మిల్లా అని దింపాడు. సుత్తి అక్కర్లేకపోయింది. మెత్తగా జారి కూర్చుంది. బుష్షు మీది మంచు నూగు కరిగాక మౌలా పట్టకారుతో తిప్పబోయాడు. కదల్లేదు, గట్టిగా బిగుసుకుంది.

అప్పుడే దారిన పోయే ముత్యాలయ్య ఆగాడు. "జాన్‌బీ, ఒక సోడా కొట్టమ్మా."

"లేదన్నా. అంతా చెంగయ్యే తాగేసినాడు."

"నేనా! తాగింది నా బోటు గదా," అన్నాడు చెంగయ్య.

మౌలా ఖాళీ సిలిండరును భుజానికెత్తుకుని, గ్యాసు నింపించడానికి మద్రాసుకు పంపుదామని బస్సు ఆగే చోటికి బయల్దేరాడు.