చెల్లెలి వాటా

నా మొగుడు తొరాబ్‌కు రెండే గర్వాలు. ఒకటి, పద్మా నదికి ఈ ఒడ్డున తనంత నున్నగా ఈతచెట్టు గీసే గాఛీ మరొకడు లేడని. రెండోది తన చెల్లెలు మొయినా. మూడో గర్వం నేనని ఎప్పుడో ఒకప్పుడు అంటాడేమోనని పాతికేళ్లుగా చూస్తున్నాను. ఇంకా అనలేదు.

పౌష మాసం చలిలో చెట్టుకు మూడు రోజులు విశ్రాంతినిచ్చి, నాలుగో సాయంత్రం గీసి కుండ కడితే, తెల్లారేసరికి దిగే నీరాను మేము జిరేన్ అంటాం. ఏడాదిలో మొదటి జిరేన్ కుండ అన్న ఇంటినుంచి చెల్లెలి అత్తారింటికి వెళ్లాలి. అదీ పచ్చిగానే వెళ్లాలి. కాచిన నీరా బెల్లానికే గానీ బంధువులకు పనికిరాదని తొరాబ్ వాదన.

మొయినా పెళ్లైన రెండో ఏడాది ఆ కుండ దింపుతుంటే నేను చెట్టు కిందే ఉన్నాను. గీసిన చోట గోళ్ల గాట్లు, కుండ అంచున నల్లటి రెట్ట. గబ్బిలాలు మాకు కొత్త కాదు. అవి వాలిన చెట్టు నీరా మరీ తియ్యనని మగాళ్లు నవ్వుకుంటారు కూడా.

"ఇది పారబోసి రేపటిది పంపు" అన్నాను.

"రేపటిది జిరేన్ ఎట్లా అవుతుందే? గమ్ఛా ఉందిగా, వడగడతా."

భుజం మీది ఆ తువ్వాలును మూడు మడతలు వేసి వడగట్టాడు. కంటికి కనిపించిందంతా గుడ్డలో ఉండిపోయింది. నేను నోరు మూసుకున్నాను. మామూలుగా మూసుకునే రకం కాదు నేను. ఆ ఒక్కరోజు మూసుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కుండ వెళ్లిన ఎనిమిదో రోజున మొయినా మొగుడు లోక్‌మాన్‌కు జ్వరం వచ్చింది. తలనొప్పి, తర్వాత పొంతన లేని మాటలు. నాలుగో రోజుకు కన్నతల్లినే గుర్తుపట్టలేదు. ఐదో రోజు పోయాడు. అన్నను ఒళ్లో పడుకోబెట్టుకుని నీళ్లు తాగించిన తమ్ముడు సిరాజ్, నలభయ్యో రోజు ఫాతిహా రాకముందే అదే జ్వరంతో పోయాడు.

జనం ఆ వాకిలి తొక్కడం మానేశారు. రెండో శవాన్ని కడగడానికి ఇద్దరంటే ఇద్దరు వచ్చారు, ముక్కులకు గుడ్డలు చుట్టుకుని. గాలి సోకిందన్నారు, జిన్ను పట్టిందన్నారు. జిన్నును తిట్టడానికి ఎవరికైనా భయమే కదా, చివరికి మాటలన్నీ వచ్చి మొయినా మీద పడ్డాయి. పెళ్లై రెండేళ్లే, కడుపు పండలేదు, ఇంట్లో ఇద్దరు మగాళ్లు పోయారు, తనకేమో తలనొప్పైనా రాలేదు. ఫాతిహా కాగానే పుట్టింటికి పంపేస్తానని వాళ్ల అత్త జొరీనా అందరి ముందూ అంది. అలా వచ్చిన ఆడదానికి మా వైపు ఏ వాకిట్లోనూ పీట వేయరు.

ఆ వారంలోనే ఢాకా నుంచి డాక్టర్లు వచ్చారు. వాళ్లలో ఒక డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏం తిన్నారు, ఎవరు ఎవరికి సేవ చేశారు అని రాసుకుంటూ మా ఇంటికీ వచ్చి చాప మీద కూర్చుంది.

"మీ చెట్ల మీద గబ్బిలాలు వాలతాయా చాచా?"

"నా కుండ మీద ఈగ కూడా వాలదమ్మా" అన్నాడు తొరాబ్.

ఆమె వాదించలేదు. గబ్బిలాల ఎంగిట్లో ఒక వైరస్ ఉంటుందని, అది నీరాలో కలిస్తే తాగినవాళ్లకు, వాళ్లనుంచి సేవ చేసినవాళ్లకు సోకుతుందని, కాచితే చస్తుందని నెమ్మదిగా చెప్పింది.

"వడగడితే?" అన్నాడు. "మూడు మడతల గుడ్డతో వడగడితే పోదా?"

"వంద మడతలేసినా పోదు చాచా."

ఆ పూట తొరాబ్ అన్నం ముట్టలేదు. ఆమె వెళ్లాక నేనే కదిపాను.

"రేపు శుక్రవారం. నమాజు కాగానే గాఛీలందరి జిరేన్ కుండలూ ఊళ్లోకి అమ్మకానికి పోతాయి. తెలిసీ ఊరుకుంటావా?"

"చెబితే నా చెల్లెలు మళ్లీ నా మొహం చూస్తుందా జొబేదా?"

"చెప్పకపోతే దాని మొహం ఈ ఊళ్లో ఎవరూ చూడరు."

ఒళ్లోని గీతకత్తిని తీసి చూరులో గుచ్చాడు. తర్వాత లేచి భుజాన గమ్ఛా వేసుకున్నాడు, మళ్లీ ఎందుకో తీసి దండెం మీద పడేసి నడిచాడు. నేను వెనకే వెళ్లాను.

మొయినా అత్తారింటి వాకిట్లో డాక్టరమ్మ ఉంది, ఊరి పెద్దలు కాస్త దూరంగా నిలబడి ఉన్నారు. తొరాబ్ ఎవరినీ పలకరించలేదు.

"నేను పంపిన కుండ అంచున గబ్బిలం రెట్ట ఉంది. చూశాను. జొబేదా వద్దంది. జిరేన్ పోతుందని వడగట్టి పంపాను. మీ ఇంట్లోకి చావు వచ్చింది నా చేతిమీదుగా. నా చెల్లెలి కాలు మంచిది కాదని ఇంకెవరూ అనొద్దు."

గుమ్మంలో కూర్చున్న జొరీనా, పక్కనే ఉన్న మొయినా వైపు తిరిగింది.

"నేనంటే పచ్చి నీరా ముట్టను. మరి నువ్వెట్లా బతికావే?" అని కోడల్ని అడిగింది. ఆ గొంతులో తిట్టు లేదు.

"నా వాటా కూడా ఆయనే తాగేశాడు అత్తా. పుట్టింట్లో జన్మంతా తాగావుగా, ఇంకా ఎందుకే అని నవ్వుతూ లాక్కున్నాడు."

జొరీనా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొయినా చేయి పట్టుకుంది. ఫాతిహా అయింది. మొయినాను ఎవరూ పంపలేదు. కానీ తొరాబ్ ఒప్పుకున్న ఆ రోజు ఆమె అన్నవైపు తలెత్తకుండానే లోపలికి వెళ్లింది.

శుక్రవారం కుండలు కదల్లేదు. తోటి గాఛీలు మా గుమ్మం ముందుకొచ్చి, "నీ నోటితో మా పొట్ట కొట్టావు కదయ్యా" అని తిట్టిపోశారు. తొరాబ్ డాక్టర్లు చూపించిన పద్ధతిలో వెదురు తడికలు అల్లి, గీత మీదా కుండ మూతి మీదా కప్పి కట్టాడు. ముందు తన చెట్లకు, తర్వాత ఆ తిట్టినవాళ్ల చెట్లకు. ఏడాదంతా మొయినా కబురు లేదు. చెట్టెక్కినప్పుడల్లా అతను వాళ్ల ఇంటివైపు చూసేవాడు.

మళ్లీ పౌషం వచ్చింది. తడిక కింద మొదటి జిరేన్ దిగింది. బాణలిలో పోసి పొయ్యి మీద పెట్టాను.

"వాళ్లింటికి పంపొద్దు. ఏ మొహంతో పంపుతాం?" అన్నాడు.

అప్పుడే పొగమంచులోంచి మొయినా వచ్చింది, వెనకే జొరీనా. మొయినా కొంగులో మరమరాల మూట. వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

"కాగిందా?" అంది.

"మూడు పొంగులొచ్చినై" అన్నాడు తొరాబ్ నేల చూస్తూ.

"ఇంకో పొంగు రానీ."

నేను పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోశాను. నాలుగో పొంగూ వచ్చింది. మొయినా గిన్నెలో మరమరాలు పోసుకుని చేయి చాపింది.

"నా వాటా పొయ్ అన్నా."

తొరాబ్ గిన్నె చూడకుండా ఆమె మొహమే చూస్తూ పోశాడు, సగం బూడిదలో పడింది. మిగతా సగం ఆమె తాగింది.