పండగ ఫ్లెక్సీలో ముప్పై మూడో ఫోటో

మా కొట్లో జిరాక్సులు తీస్తాం, అర్జీలు టైపు చేస్తాం, ఫ్లెక్సీలు వేస్తాం. నర్సీపట్నంలో ఆఫీసుల ఎదురుగా ఈ కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. వెంకటదుర్గ జిరాక్స్ అంటే ఎవరైనా చూపిస్తారు. ఇన్నేళ్ళలో చచ్చిపోయినవాళ్ళ తరఫున నేను రాయని అర్జీ లేదు. ఫలానాయన చనిపోయారని ఒప్పుకోండి మహాప్రభో అని రాశాను. నేను చావలేదు, మీ రికార్డులో చంపేశారు అని బతికున్నవాళ్ళ చేత సంతకం పెట్టించి రాశాను. కానీ చచ్చిపోయిన మనిషికి జైలు శిక్ష మాఫీ చేయించాలని వచ్చినవాడు మాత్రం మన్మథరావు గారొక్కరే.

ఆయనకి అరవై ఏడేళ్ళు. మాకవరపాలెం దాటాక వాళ్ళ ఊరు, జీడితోట ఉంది. ఉతికిన చొక్కా వేసుకుని, దానికి పై గుండీ కూడా పెట్టుకుని వచ్చారు. పై గుండీ పెట్టుకున్నవాళ్ళ పని ఎప్పుడూ తొందరగా తెమలదని నా అనుభవం.

"తాతాజీ అనీసి మా ఊరోడమ్మా. బెల్లం వండేవోడు. ఎనబయ్యైదులో కోర్టు రెండేళ్ళు శిక్ష ఏసింది. జైల్లో ఉండి వొచ్చినాడు. ఇప్పుడు మనిషి లేడు. ఆ శిక్ష కొట్టించాలి."

"పోయినాయనకి శిక్ష కొట్టిస్తే ఏటొస్తాది బాబూ?"

"ఫోటో వొస్తాది," అన్నారు.

ఆ ఫోటో సంగతి నాకు తెలుసు. వాళ్ళ ఊళ్ళో నూకాలమ్మ పండగకి ఏటా ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కడతారు. అది వేసేది నేనే. పైన అమ్మవారు, ఆవిడకంటే కొంచెం పెద్ద సైజులో నాయకులు, కింద 'స్వర్గస్థులైన మా గ్రామ పెద్దలు' అని వరసగా ముప్పై రెండు ఫోటోలు. ఆ ముప్పై రెండు మందిలో పక్కవాడి గడ్డిమేటు తగలబెట్టినవాడున్నాడు. ఊరి చెరువుని సగం మింగి అరిటితోట వేసినవాడున్నాడు. ఆదివారం ఆదివారం పెళ్ళాన్ని డ్యూటీలా కొట్టినవాడున్నాడు. అందరికీ ఒకే గులాబీ దండ కాపీ చేసి వేస్తాను. వాళ్ళెవరి మీదా కేసు లేదు, అందుకని స్వర్గస్థులు.

తాతాజీ ఫోటో కూడా వెయ్యమని మన్మథరావు గారు ఏడేళ్ళుగా అడుగుతున్నారట. కమిటీ ప్రెసిడెంటు జగదీశ్వరరావు ఒప్పుకోలేదు. శిక్ష పడినవాడి ఫోటో అమ్మవారి కింద ఎలా వేస్తాం, శిక్ష పోయిందని కాగితం తే, మరుక్షణం వేస్తాను అని పదిమంది ముందు అన్నాడట. పండగ ఇక మూడు వారాలుంది.

"ఇంతకీ ఏ కేసు?"

ఆయన కొట్టు బయటికి చూసి, గొంతు తగ్గించి, "మూడొందల డెబ్బై ఏడు," అన్నారు.

రోజూ సెక్షన్లు టైపు చేసే చేతులు నావి. మగాడు మగాడితో ఉంటే పెట్టే కేసది. నేనేమీ అడక్కుండానే ఆయనే మాట్లాడారు.

"ఫోన్లో సూసానమ్మా. ఏదో దేశంలో ఈ కేసుల్లో శిక్ష పడి సచ్చిపోయినోళ్ళందరికీ సర్కారు మాఫీ ఇచ్చీసిందట. మన కాడా పెద్ద కోర్టు ఇష్టపడ్డ పెద్దోళ్ళ మీద ఆ సెక్షను సెల్లదనీసింది. రెండేల పద్దెనిమిది సెప్టెంబర్లో. తాతాజీ జులైలో పోయాడు. రెండు నెల్లు ఆగలేకపోయాడు. పాకం దించడంలో తప్ప దేంట్లోనూ ఆడికి టైము తెలీదు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

తీర్పు కాపీ ఉంటే తెమ్మన్నాను. మర్నాడు యూరియా సంచి ముక్కలో చుట్టి తెచ్చారు. తాతాజీ ట్రంకుపెట్టెలో ఉండేదట. నలభై ఏళ్ళ కాగితం, అంతా ఇంగ్లీషు. మన్మథరావు గారికి ఇంగ్లీషు రాదు. నాకొచ్చు. చెరుకు గానుగ పాకలో రాత్రి పట్టుబడ్డారని ఉంది. ముద్దాయి తాతాజీ. రెండో సాక్షి దగ్గరికొచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. రెండో సాక్షి మన్మథరావు, వయసు ఇరవై ఏడు. ముద్దాయి నన్ను బలవంతం చేశాడు, నేను వద్దన్నా వినలేదు అని సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యం నమ్మదగినదిగా ఉంది కాబట్టి శిక్ష వేస్తున్నాం అని రాసుంది.

"ఇది మీరేనా?" అన్నాను.

"నేనే."

"బలవంతం నిజమా?"

తల అడ్డంగా ఊపారు. "సాక్షివా, ముద్దాయివా, తేల్చుకో అన్నారమ్మా పోలీసోళ్ళు. నాకు పెళ్ళి కుదిరి పది రోజులు. సాక్షినన్నాను. ఆడికి ఎదురుగా నిలబడి సెప్పాను. ఆడు ఇన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "లోపలికి పంపించింది మీరు, ఇప్పుడొచ్చి మాఫీ అడిగేది మీరు! సిగ్గుందా మీకు? లెగండి, నా కొట్లోంచి బయటికి నడవండి," అన్నాను. ఆయన లేవలేదు. లామినేషన్ మిషను పక్కన బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొట్టేవాళ్ళుంటే కొట్టించుకోవడానికి వచ్చినట్టున్నారు.

నాకు కోపం వస్తే టైపింగు స్పీడు పెరుగుతుంది. ఏడు నిమిషాల్లో అర్జీ కిందికొచ్చేశాను. చివర 'క్షమాభిక్ష ప్రసాదించవలసిందిగా' అన్న చోట చెయ్యి ఆగింది.

"ఇంతకీ తాతాజీ గారు ఏం తప్పు చేశారని క్షమించాలి?"

"నాకూ అక్కడే ఎక్కట్నేదమ్మా. తప్పు సేసినోణ్ణి నేను, క్షమాపణ ఆడికి. కానీ కాగితం కావాలి కదా."

అలాగే ప్రింటు తీశాను. సోమవారం అర్జీలు తీసుకునే చోటికి నేనే వెంట వెళ్ళాను. అక్కడి ఆఫీసరు అర్జీ చదివి, మమ్మల్ని చూసి, ఫ్యాను చూసి, మళ్ళీ అర్జీ చదివాడు. "ఇది ఏ శాఖ కిందికొస్తుందమ్మా?" అన్నాడు. కంప్యూటర్లో రోడ్లున్నాయి, నీళ్ళున్నాయి, పశువులున్నాయి. దీనికి గడి లేదు. 'ఇతరములు' నొక్కాడు. రసీదు ఇచ్చి నమస్కారం పెట్టాడు, పాపం.

ఇక్కడొక విషయం చెప్పాలి. అర్జీ గడువులోగా తేలకపోతే తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు కనిపిస్తే పైనుంచి చీవాట్లు పడతాయి. అందుకని ఎవరో ఒక పుణ్యాత్ముడు దాన్ని పచ్చగా చేసేస్తాడు. పదకొండో రోజున మన్మథరావు గారి ఫోనుకి మెసేజీ వచ్చింది. నేను దాని జవాబు కాగితం ప్రింటు తీసి చూశాను. 'అర్జీదారు కోరిన విధంగా తగు చర్య తీసుకోవడమైనది. అర్జీ పరిష్కరించబడినది.' కిందటి నెల ఒకావిడ వీధిలైటు కోసం పెట్టిన అర్జీకి కూడా అక్షరం పొల్లు పోకుండా ఇదే జవాబు వచ్చింది. ఆ లైటు ఇప్పటికీ వెలగలేదు.

"అంటే మాఫీ అయిపోయిందా?" అన్నారు మన్మథరావు గారు.

"ఏమీ అవలేదు. అయిందని మాత్రం రాసుంది."

ఆయన మొదటిసారి నవ్వారు. పళ్ళు బాగున్నాయి ఆ వయసుకి.

రెండు రోజుల తర్వాత జగదీశ్వరరావు ఫ్లెక్సీ ప్రూఫు చూడ్డానికి వచ్చాడు. మన్మథరావు గారు అప్పటికే బెంచీ మీద ఉన్నారు. రమ్మన్నది నేనే. కాగితం చేతికిచ్చాం. జగదీశ్వరరావు కళ్ళజోడు పెట్టుకుని, తలా తోకా చూసి, కిందనున్న బార్‌కోడు మీద వేలితో రుద్ది చూశాడు. దానికి పడిపోయాడనుకుంటాను.

"అయితే సరే మావా. నేనన్నమాట అన్నట్టే. ఫోటో ఇయ్యి."

మన్మథరావు గారు జేబులోంచి తాతాజీ ఆధార్ కార్డు తీశారు. ఆధార్ ఫోటోలో ఎవరైనా ముద్దాయిలాగే ఉంటారు, తాతాజీ ఇంకా నయం. స్కాన్ చేసి తెర మీద పెద్దది చేశాను. ముప్పై మూడో గడి సిద్ధంగా ఉంది. పని అయిపోయిందనే అనుకున్నాను.

జగదీశ్వరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "నాకెప్పుడూ డౌటే మావా," అన్నాడు ప్రేమగా. "తాతాజీ మంచోడు. ఎవుడో కావాలనీసి ఎట్టిన కేసది. ఆడు అలాంటోడు కాదు. నాకు తెలుసు."

నేను మన్మథరావు గారి వైపు కళ్ళతోనే దండం పెట్టాను. ఊ అనండి, ఒక్క ఊ అంటే ఫోటో పడిపోతుంది.

"అలాంటోడే," అన్నారాయన.

"ఏటి?"

"ఆడు అలాంటోడే జగదీసూ. నేనూ అలాంటోణ్ణే. బలవంతం మట్టుకు నేదు. నా ఇష్టం కొద్దీ ఎల్లాను, రెండేళ్ళు ఎల్లాను. కోర్టులో నేను సెప్పింది అబద్ధం."

కొట్లో జిరాక్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు కాగితాలు చూసుకుంటున్నట్టు నటించారు. జగదీశ్వరరావు మొహం చూడాలి. కాగితం జేబులోంచి తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "పండగ ముందర ఏటీ మాటలు మావా! మనవలున్నోడివి. నలుగురూ ఇంటే ఏటనుకుంటారు?"

"ఇనాలనే సెప్పాను. సచ్చేదాకా ఆడొక్కడే మోసాడు. నువ్వు కాగితం తెమ్మన్నావు, తెచ్చాను. ఫోటో ఏస్తావా, ఎయ్యవా?"

జగదీశ్వరరావు ప్రూఫులో అమ్మవారి బొమ్మ వైపు చూశాడు. పదిమంది ముందు ఇచ్చిన మాట ఒకటి, ఈ సంగతి కమిటీలో చర్చకి వస్తే తన నోటితో పలకాల్సిన మాటలు ఇంకొకటి. రెండోదానికే ఎక్కువ భయపడ్డట్టున్నాడు. "ఎయ్యమ్మా, ఎయ్యి," అన్నాడు నాతో. "పేరు మట్టుకు సిన్న అచ్చరాలెట్టు. నేను బేగెల్లాలి, పనుంది." చెప్పులు తారుమారుగా తొడుక్కుని వెళ్ళిపోయాడు. అతను రోడ్డు దాటగానే తాతాజీ పేరు మిగతా అందరికన్నా ఒక సైజు పెద్దది పెట్టాను.

ఆ ఆడవాళ్ళు కూడా పని చూసుకుని వెళ్ళిపోయారు. ఆ కబురు వాళ్ళ కంటే ముందే ఊరు చేరుతుందని మన్మథరావు గారికీ తెలుసు. కానీ బెంచీ మీద నుంచి లేవలేదు. నాకు అడక్కుండా ఉండడం చేతకాదు.

"జైలు నుంచి వచ్చాక ముప్పై ఏళ్ళు ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు కదా. ఎప్పుడైనా అడిగారా, క్షమించమని?"

"నేదమ్మా." చొక్కా గుండీ సర్దుకున్నారు. "ఏటా గానుగ ఆడినప్పుడు మొదటి పాకం దించి, ఏడి బెల్లం ఆకులో ఎట్టి మా అరుగు మీద ఎట్టీసి ఎల్లిపోయేవోడు. మాటాడేవోడు కాదు. ముప్పై ఏళ్ళు ఎట్టాడు. నేను తలుపు సందులోంచి సూసి, ఆడెల్లిపోయాక బయటికొచ్చి తినేవోణ్ణి. ఒక్క ఏడూ తలుపు తియ్యలేదు."

ఆయన లేచి కంప్యూటరు దగ్గరికొచ్చారు. తెర మీద తాతాజీ మొహం ఇంకా పెద్దదిగానే ఉంది. మన్మథరావు గారు దానికి దగ్గరగా వంగి, "తప్పయిపోయిందిరా," అన్నారు.

ఆ తర్వాత కూడా ఏదో చెబుతున్నారు. అది నేను వినాల్సింది కాదు. వెళ్ళి జిరాక్సు మిషను ఆన్ చేసి, ఆయన చెప్పడం అయ్యేదాకా తెల్లకాగితానికి కాపీలు తీస్తూ నిలబడ్డాను.