లైటు బెల్టు

మా ధర్మదవాఖానలో మంచం మీద పడుకుని పైకి చూస్తే ఫ్యాను రెక్కల మీద పేర్లు కనిపిస్తాయి. ఒక రెక్క మీద కిరాణా సేటు తండ్రి పేరు, ఇంకో రెక్క మీద సారా కంట్రాక్టరు తల్లి పేరు. ఫ్యాను తిరుగుతుంటే చదవలేం. కరెంటు తయారయ్యే చోటు పక్కనే ఉన్నా గోదావరిఖనిలో కరెంటు రోజూ పోతుంది కాబట్టి దాతల పుణ్యం వృథా పోలేదు.

ఎవరి పేరూ లేని గది ఒక్కటే ఉండేది. అది నాది. తొంభై ఒకటిలో మా పెద్ద డాక్టరు కమిటీవాళ్ళను బతిమాలి, చందాల నిధిలోంచి ఆ గదికి డబ్బు పెట్టించాడు. బొగ్గు బాయిలో ప్రమాదం నుంచి బయటపడి నిద్ర పట్టనివాళ్ళు, తాగి పెళ్ళాలను చావగొట్టేవాళ్ళు, ఆ దెబ్బలు తిని కిరోసిన్ డబ్బా వైపు చూసేవాళ్ళు వచ్చి కూర్చుని మాట్లాడుకోవాలి. శనివారం కరీంనగర్ నుంచి మనసు డాక్టరు వస్తాడు. మిగతా రోజుల్లో కాలనీలు తిరిగి మనుషులను పట్టుకురావడం నా పని. నా పేరు హబీబున్నీసా, నర్సును. ఊళ్ళో హబీబక్క అంటారు. ముక్కు మీద కోపమని కూడా అంటారు, అదీ నిజమే.

కమిటీ అధ్యక్షుడు గులాం అలీ బట్టల వ్యాపారి. దేనికి చందా అడిగినా కాదనడు గానీ, నా గది మాటెత్తితే ముఖం మాడ్చుకునేవాడు. "ఫ్యాను మీద మా బాప్ పేరు రాయిస్త, మంచం మీద రాయిస్త. పిచ్చోళ్ళ గది మీద ఎట్ల రాయిస్త, బీబీ?" అనేవాడు.

సారవ్వను నేను మొదట చూసింది కట్లు కట్టే బల్ల మీద. నడినెత్తిన అరచెయ్యంత మేర వెంట్రుకలు ఊడి చర్మం లేచిపోయింది. మోచేతి కీలు జారింది. వీపంతా గీరుకుపోయి, నెత్తుటిలో కంకర అతుక్కుని ఉంది. ఆ కంకర ఒక్కొక్కటీ ఏరుతుంటే నా ఒళ్ళు ఉడికిపోయింది.

"ఎవడు కొట్టిండు?" అన్నాను.

"ఎవ్వరు కొట్టలేదు, హబీబక్క. మా ఆయన గుంజిండు."

"గుంజితే గిట్ల అయితదా? పోలీసులకు చెప్త."

"వద్దక్కా, నీ కాళ్ళు మొక్కుత. కొట్టేటోడు కాదు. గుంజిండు, గంతే."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకునే రకాన్ని కాను. మర్నాడే వాళ్ళ క్వార్టరుకు పోయాను, ఆ మొగుణ్ణి నాలుగు దులిపి వద్దామని.

ఆమె మొగుడు సదయ్య గుమ్మం బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బక్క మనిషి. ఇంట్లోకి రమ్మన్నా రాలేదు. నేను లోపలికి పోయి సారవ్వ కట్టు విప్పుతున్నాను. అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే మధ్యాహ్నపు బ్లాస్టింగ్ జరిగింది. ఇక్కడివాళ్ళకు అది మామూలే. గిన్నెలు గలగలమంటాయి, పసిపిల్ల ఉలిక్కిపడుతుంది, తల్లి జోకొడుతుంది. కానీ ఆ మోత వినగానే సదయ్య లోపలికి దూకాడు. ఒక చేత్తో సారవ్వ మెడ, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని గుంజాడు. గడప నా మోకాలికి కొట్టుకుంది. గాజులు పగిలి చేతిలో దిగాయి. మమ్మల్ని ఎండలో కంకర మీద పడేసి, గుమ్మం వైపు తిరిగి అరిచాడు.

"లోపట ఇంకెవరున్నరు?"

ఎవరూ లేరు. అయినా లోపలికి పోయి మూలమూలా వెతికి వచ్చాడు. తర్వాత నేల మీద కూలబడి, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మోకాళ్ళు కావలించుకున్నాడు. నా చేతి నెత్తురు చూసి, "పాణముందా?" అని అడిగాడు. నేను తిడదామని పోయినదాన్ని, ఉందన్నాను.

అతని సంగతి గదిలో కూర్చోబెట్టాకే తెలిసింది. అది కూడా ఒక్కరోజులో కాదు. బాయిలో పైకప్పును కడ్డీతో తట్టి చూడడం అతని పని. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, బండ వదులైతే డొల్లగా మోగుతుంది. ఆరోజు కూడా తట్టాడు. ఖంగుమంది. పని చేసుకోండ్రని చెప్పాడు. కాసేపటికి కప్పు కూలింది. ఇద్దరు అక్కడే నలిగిపోయారు. మూడోవాణ్ణి సదయ్య జుట్టు పట్టి గుంజుకొచ్చాడు. వెలుతురులోకి వచ్చేసరికి చేతిలో మనిషి ఉన్నాడు, ప్రాణం లేదు.

అప్పటినుంచి ఏ కప్పునూ నమ్మడు. నా గదికి వచ్చినా ముందు బయటే నిలబడి, సిమెంటు రేకుల పైకప్పును తట్టి, చెవి పెట్టి విని, అప్పుడు గుమ్మంలో ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని కూర్చునేవాడు. మనసు డాక్టరు మాత్రలిచ్చాడు. రాత్రిళ్ళు కాస్త నిద్రపడుతోందని సారవ్వ చెప్పింది. కానీ బ్లాస్టింగ్ జరిగితే మాత్రం గుంజుడు తప్పేది కాదు.

"జుట్టే ఎందుకు పట్టుకుంటవ్, సదయ్యా?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"ఏదందితే అదే అక్కా. బాయిలైతే మనిషి నడుముకు బెల్టుంటది, దాన్ని పట్టుకుంటం. ఇంట్ల ఏముంటది?"

సారవ్వ ఆ మాట వింది. మర్నాడు వచ్చేటప్పుడు చీర మీద లైటు బెల్టు కట్టుకుని వచ్చింది. నెత్తి మీది లైటుకు బ్యాటరీ మోయడానికి బాయి పనివాళ్ళు నడుముకు కట్టుకునే దళసరి తోలు బెల్టు అది. సదయ్యదే, పాతది. ఆ వారం బ్లాస్టింగులకు అతను దాన్నే పట్టుకుని గుంజాడు. వెంట్రుక ఊడలేదు, తోలు లేవలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎవరూ చూడకుండా చీర కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

కమిటీలో ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు. "ఏ క్యా తమాషా! ఇంత ఖర్చు పెట్టిస్తే మీరు కనిపెట్టింది ఆడమనిషికి బెల్టా?" అన్నాడు గులాం అలీ. ఆ గది తీసేసి అక్కడ చల్లనీళ్ళ మిషను పెడదామని, దాని మీద పేరు కూడా బాగా కనిపిస్తుందని ఒక సభ్యుడన్నాడు. వచ్చే మీటింగులో తేలుద్దామనుకున్నారు.

కుండకు మూత పెట్టగలం గానీ ఊరి నోటికి పెట్టగలమా? కాలనీలో బెల్టు సంగతి నోళ్ళు మారుతూ గోదావరి దాటింది. నస్పూర్‌లో ఉండే సారవ్వ తమ్ముళ్ళు రాజం, బిక్షం దగ్గరికి చేరేసరికి అది ఇంకోలా తయారైంది. బావకు పిచ్చి ముదిరి, అక్కను తోలు బెల్టుతో బర్రెను కట్టేసినట్టు గుంజకు కట్టేస్తున్నాడట. అంతకుముందే అక్క నెత్తి మీది గాయం చూసిపోయినవాళ్ళు. ఈసారి అక్క ఒంటి మీద చెయ్యి పడితే ప్రాణం తీస్తామని అప్పుడే ఒట్టు పెట్టుకుని పోయారు.

ఒక మధ్యాహ్నం సదయ్య, సారవ్వ నా గదిలో ఉండగా, చేతుల్లో దుడ్డుకర్రలతో తిన్నగా అక్కడికే వచ్చారు. రాజం కూడా బాయిలో బొగ్గెత్తే మనిషే, భుజాలు ద్వారబంధమంత ఉంటాయి. అక్క నడుముకు నిజంగానే బెల్టు కనిపించింది. ఇంకేం కావాలి?

"లంజకొడుకా, మా అక్క గొడ్డనుకున్నవా!"

రాజం కొట్టిన మొదటి దెబ్బ సదయ్య నోటి మీద పడింది. పళ్ళు నా బల్ల మీదికి ఎగిరాయి. రెండో దెబ్బకు అడ్డం పెట్టిన ఎడమచెయ్యి విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. సారవ్వ మధ్యలోకి వచ్చి అడ్డుకోబోతే బిక్షం ఆమెను గోడకేసి విసిరాడు. నేను రాజం చొక్కా పట్టుకున్నాను. వాడు విదిలిస్తే మోచెయ్యి తగిలి నా కింది పెదవి చీలింది. గదిలో ఉన్న మిగతావాళ్ళు బల్లల కింద దూరారు. వాళ్ళను తప్పు పట్టను. దెబ్బల సంగతి వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? సదయ్య మాత్రం తిరగబడలేదు. కడుపులో తంతున్నా, వీపు మీద మోదుతున్నా ముడుచుకుని పడున్నాడు. కాస్త ఆగితే చచ్చేవాడే.

అప్పుడు బ్లాస్టింగ్ జరిగింది.

రేకులు దడదడలాడాయి. పైనుంచి దుమ్ము రాలింది. సదయ్య లేచాడు. ఎట్లా లేచాడో ఆ దేవుడికే తెలియాలి. ఎదురుగా కర్ర ఎత్తి నిలబడ్డ రాజం జుట్టును కుడిచేత్తో పిడికిలి బిగించి పట్టుకుని గుంజాడు. రాజం బోర్లా పడ్డాడు. అంత మనిషిని గడప మీదుగా, కంకర మీదుగా ఈడ్చుకుపోయాడు. వెనక నుంచి బిక్షం కర్రతో వీపు పగలగొడుతూనే ఉన్నాడు. సదయ్య పిడికిలి వదల్లేదు. ఎండలోకి తెచ్చి పడేశాక వదిలాడు. వేళ్ళ మధ్య జుట్టు కుచ్చు ఉంది.

గుమ్మం వైపు తిరిగి, నెత్తురు కక్కుతూ అరిచాడు.

"లోపట ఇంకెవరున్నరు?"

గుమ్మంలో బిక్షం ఉన్నాడు. వాడి కోసం సదయ్య వెనక్కి పరుగెత్తాడు. మీదికే వస్తున్నాడనుకుని బిక్షం కర్ర రెండు చేతులా ఎత్తి ముఖం మీద కొట్టాడు. కన్ను చితికిపోయింది. సదయ్య పడిపోయాడు. పడి కూడా బిక్షం చీలమండ పట్టుకుని బయటికి గుంజుతున్నాడు. బిక్షం మళ్ళీ కర్ర ఎత్తాడు.

"ఆగుర!"

అరిచింది రాజం. నెత్తి మీద తోలు లేచి, నెత్తురు కళ్ళలోకి కారుతోంది. పాక్కుంటూ వచ్చి తమ్ముడి కాళ్ళ మీద పడ్డాడు.

"కొట్టకుర వాన్ని! కొడ్తలేడు, గుంజుతున్నడ్ర! మనల్ని బయటికి గుంజుతున్నడు!"

"ఏమంటున్నవే అన్నా?"

"సంపాలె అనుకున్నోన్ని లోపట్నే ఇడిసిపెట్టి పోతరుర. బయటికి ఎవడు గుంజుతడు?"

బిక్షం చేతిలో కర్ర జారింది. ఇదే మాట సారవ్వ ఏడాదిగా చెబుతోంది. అక్క మాట తమ్ముళ్ళకు ఎక్కలేదు. ఆ పట్టు వాళ్ళ నెత్తికి తగిలితే గానీ ఎక్కలేదు. అదే బాయిలోనైతే రాజం చీకట్లో కూడా గుర్తుపట్టేవాడు. ఎండలో, అక్క ఇంట్లో, అది వాడి కంటికి పెళ్ళాన్ని కొట్టడంలాగే కనబడింది. వాణ్ణి తిట్టడానికి నాకు హక్కుందా? మొదట నాకూ అట్లాగే కనబడింది.

సదయ్య బతికాడు. ఎడమకన్ను పోయింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. పోలీసులు మంచం దగ్గరికి వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, "బండ పడ్డది" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగినా అదే మాట. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ రాజం వెక్కి వెక్కి ఏడ్చాడు.

కమిటీ మీటింగు రానే వచ్చింది. ధర్మదవాఖానలో నెత్తురు పారించిన గది ఇంకా ఎందుకని అందరూ ఒకే గొంతుతో అన్నారు. నేను పెదవికి కుట్లతో అరుస్తున్నాను, సగం మాటలు వాళ్ళకు అర్థం కావడం లేదు. అంతలో పిలవని పేరంటానికి వచ్చినట్టు రాజం లోపలికి వచ్చాడు. తల వంచి, బోడి అయిన నడినెత్తి గులాం అలీ ముఖం ముందు పెట్టాడు.

"చూడు సేటూ. సంపుదామని పోయినోన్ని నేను. నన్ను బతికించాలని గుంజిండు, కాకపోతే ఆయనకు బండ పడ్డట్టు అనిపించింది. గసొంటోనికి కూసునే జాగ గదొక్కటే. అది తీసేస్తే యాడికి పోవాలె?"

గులాం అలీ ఆ నెత్తి వంక చూశాడు. జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. పెద్ద మనసు చేసుకున్నాడని అనుకోకండి, ఆయన అంత తొందరగా మారే మనిషి కాదు. "నీళ్ళ మిషను వరండాల పెట్టుండ్రి. గది ఉండనీయిండ్రి. పేరు మాత్రం నాది రాయొద్దు" అన్నాడు.

ఎవరి పేరూ రాయలేదు. ఈరోజుకీ రాయలేదు.

రాజం తీరిక దొరికినప్పుడల్లా నస్పూర్ నుంచి బస్సెక్కి వస్తాడు. ముందు కడ్డీ తీసుకుని రేకులన్నీ తడతాడు. "మంచిగున్నది బావా, రా" అంటాడు. సదయ్య ఆ కడ్డీ అందుకుని, బాగున్న చేత్తో తానూ ఒకసారి తట్టి చూసి, అప్పుడు లోపలికి వస్తాడు. ఇప్పుడు రెండు కాళ్ళూ లోపల పెట్టుకునే కూర్చుంటాడు. రాజం వచ్చి సరిగ్గా అతని పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గర కూర్చుంటాడు.

ఒక ఆదివారం రాజాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఉతికిన తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటు, దాని మీద బొగ్గు మరకల లైటు బెల్టు.

"ఇయ్యాల డ్యూటీ లేదు గదా రాజం, బెల్టెందుకు కట్టుకొచ్చినవ్?"

వాడు నడినెత్తి తడుముకున్నాడు. పక్కన కూర్చున్న బావ వైపు ఒకసారి చూశాడు.

"గుంజుదామంటే బావ చేతికి ఏదన్న అందాలె గదక్కా."