సుద్దముక్క పెట్టిన చోటు

నబీ వేడి ఇస్త్రీపెట్టెను బిలియర్డ్స్ బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే దిక్కున లాగుతున్నాడు. కృష్ణా నది మీది గాలికి పచ్చగుడ్డ తెల్లారేసరికి చెమ్మ పట్టేస్తుంది. కాస్త కాక చూపించకపోతే బంతి బద్ధకిస్తుంది. బల్ల చూసుకుంటూ పాయింట్లు రాసే మార్కరుగా క్లబ్బులో చేరినప్పట్నుంచీ, ఇరవయ్యారేళ్లుగా ఇదే పని. వంగి వంగి కుడిభుజం కిందికి జారింది. ఆ గదిలో అతడు ఏనాడూ కూర్చోలేదు, సభ్యులు పిలవందే ఆట కర్ర పట్టలేదు.

పదింటికి సెక్రటరీ వెంకటకృష్ణారావు వచ్చి ఒక కాగితం ముందు పెట్టాడు. అంచుల్లో రబ్బరు చచ్చిపోయిందనీ, బల్ల పనికిరాదనీ అందులో ఉంది. మార్కరు సంతకం పెడితే బల్ల తీసేసి పేకాట గది చేస్తారు.

"పెట్టెయ్ నబీ. పేకాట గదిలో నీ ఉద్యోగం నీకుంటుంది. నిన్న నా బంతి ఎటు పోయిందో చూశావుగా?"

చూశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఆ రబ్బరు తను పోయిన వేసవిలో స్వయంగా అతికించిందే. బతికున్నదాన్ని చచ్చిందని రాసివ్వాలా? నబీకి ఒళ్లు మండింది.

"రబ్బరు బానే ఉందండి. తమరు గట్టిగా కొడతారు. అప్పుడది లోపలికి నొక్కుకుపోయి బంతిని తిన్నగా ఎదరకి తన్నుద్ది. మెల్లగా కొడితే వచ్చిన వాలులోనే పోద్దండి."

"నాకే నేర్పుతున్నావా?"

నబీ సెక్రటరీ సొంత కర్ర అందుకున్నాడు. జేబులోంచి, కర్ర కొనకు రుద్దే నీలం సుద్దముక్క తీసి ఎడమ అంచు మీద ఒకచోట పెట్టాడు.

"ఇక్కడ ఆగుద్దండి."

తెల్లబంతి మెత్తగా కదిలింది. మూడు అంచులు తాకి, తిరిగొచ్చి, సుద్దముక్క కింద ఆగింది.

వెంకటకృష్ణారావు అటు చూడనే లేదు. "కమిటీ తీర్మానం అయిపోయింది. సంతకం పెట్టు."

నబీ పెట్టాడు. రాసిందంతా కొట్టేసి, కింద 'రబ్బరు బతికే ఉంది. షేక్ నబీ, మార్కరు' అని రాశాడు. తర్వాత సభ్యుల కుర్చీలో కూర్చుని, తీరిగ్గా చెప్పులు తొడుక్కుని, సైకిలెక్కి వన్ టౌన్ వైపు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బంతిని ఎవరో తీసి పెట్టెలో వేశారు. నడుమ గుంటపడిన సుద్దముక్క మాత్రం, బల్ల విప్పేవాళ్లు వచ్చిన రోజుదాకా, ఆ అంచు మీద అక్కడే ఉంది.