చెట్ల పనికి ఒక బండి

మొయినాబాద్ చుట్టూ ఫామ్‌హౌసులు లేస్తున్న రోజులవి. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్ళు సెలవు రోజున కార్లేసుకుని వచ్చేవారు. తోటలు కొని, చుట్టూ గోడలు కట్టించుకునేవారు. గోడకు చెట్టు అడ్డమొచ్చినా, కప్పు మీదికి కొమ్మ వాలినా, గాలివానకు నీలగిరి చెట్టు కూలినా చేవెళ్ల నుంచి ఎల్లేశ్‌ను పిలిచేవారు.

ఎల్లేశ్ చెట్టెక్కి కొమ్మలు కోసేవాడు. కింద మోకుతాడు పట్టుకునేది కృపాకర్. కోసిన కొమ్మ కరెంటు తీగ మీదో గోడ మీదో పడకుండా, మోకును వదులుతూ బిగిస్తూ నేలకు దించేవాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు కాదు, ఒకే కులం కాదు, ఒకే దేవుణ్ణి మొక్కేవాళ్ళూ కాదు. పనిలో కలిశారు. పనిలోనే ఒకరి మనసు ఒకరికి తెలిసింది. కృపాకర్ చర్చికి పోయే ఆదివారం పూట ఎల్లేశ్ కూడా చెట్టెక్కేవాడు కాదు.

కొట్టిన కట్టెను తీసుకుపోవడానికి వాళ్ళకు సొంత బండి లేదు. ఎవరిదో టిప్పర్ కిరాయికి తెచ్చుకునేవారు. కిందటి వానాకాలం అలా తెచ్చిన బండి డబ్బా పైకి లేపి కట్టె దించుతుండగా ఒక మొద్దు జారి డబ్బా కింద, చట్రం మీద ఇరుక్కుంది. కృపాకర్ వంగి దాన్ని లాగబోయాడు. లేచి ఉన్న డబ్బా ఒక్కసారిగా కిందికి వచ్చింది. ప్రాణం దక్కింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు పోయాయి.

గాయం మానాక మళ్ళీ పనికి వచ్చాడు. మిగిలిన వేళ్ళతో మోకు పట్టుకున్నాడు గానీ పట్టు చాలలేదు. మామిడి కొమ్మ ఒకటి చేజారి ఒక ఫామ్‌హౌసు వరండా పెంకుల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా మర్నాటి నుంచి కృపాకర్ రాలేదు. ఎల్లేశ్ కుర్మయ్య అనే అతన్ని మోకు దగ్గర పెట్టుకున్నాడు.

కృపాకర్ భార్య లిదియా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేసేది. ఆమె పొద్దున్నే పోతే కృపాకర్ ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే కుడిచేతిని లుంగీ మడతలో దాచుకునేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఎల్లేశ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. లిదియా ఇంకా బయల్దేరలేదు.

"పాత టిప్పర్ ఒకటి కొందామనుకుంటున్న. చిన్నది. ఫామ్‌హౌసుల గేట్లల్ల పట్టాలె. బండి చూడనీకి నువ్వు రావాలె" అన్నాడు.

"నన్నెందుకన్న? మెకానిక్‌ను తీస్కపో."

"మెకానిక్ ఇంజన్ చూస్తడు. డబ్బా సంగతి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

లిదియా లోపలి నుంచి ఉతికిన చొక్కా తెచ్చి కృపాకర్ భుజం మీద వేసింది.

"పోయి రాపో. అన్న నోరు తెరిచి అడిగిండు గద" అంది.

మొదట మొయినాబాద్‌లో ప్రభాకర్ అనే అతని షెడ్డుకు పోయారు. పాత బండ్లు కొని అమ్మే మనిషి. నీలం రంగు టిప్పర్ ఒకటి చూపించాడు. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు. అద్దం మీద నిమ్మకాయలు కూడా కట్టించాడు.

"స్టార్ట్ చేసి చూస్కో అన్న. పెళ్ళికొడుకు లెక్కుంటది" అన్నాడు.

కృపాకర్ ఇంజన్ వైపు పోనే లేదు. షెడ్డు పక్కన పడి ఉన్న రాళ్ళు చూపించి, "డబ్బాల గవి నింపి పైకి లేపున్రి. లేపి గట్లనే వదిలెయ్యున్రి. మేం చాయ్ తాగొస్తం" అన్నాడు.

ప్రభాకర్ మొహం చిట్లించినా మనుషుల్ని పురమాయించాడు. ఇద్దరూ రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగి వచ్చేసరికి డబ్బా చాలావరకు కిందికి దిగి ఉంది. ఎవరూ లీవర్ ముట్టుకోలేదు. అది నెమ్మదిగా, చప్పుడు లేకుండా దిగుతూనే ఉంది. కృపాకర్ దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

"గంతసేపు ఎవరు లేపి పెడ్తరన్న? కట్టె దించుతందుకు ఎంతసేపు కావాలె?" అన్నాడు ప్రభాకర్.

కృపాకర్ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ఎల్లేశ్ వెనకే వచ్చి మోటార్ సైకిల్ స్టార్ట్ చేశాడు. చేవెళ్లలో ఇంటి దగ్గర దిగేటప్పుడు కృపాకర్ అన్నాడు:

"డబ్బాను లేపే జాకీ పోయింది దానికి. నాకు జరిగినప్పుడు గూడ గిట్లనే కావచ్చు."

రెండో బండి శంకర్‌పల్లిలో ఉంది. ఇటుకలు తోలే బండి. డబ్బా నిండా ఇటుకలతో పైకి లేపితే లేచిన చోటే నిలబడింది. చాయ్ తాగొచ్చాక కూడా కదల్లేదు. కృపాకర్ చట్రం కింద తల పెట్టకుండానే పక్కనుంచి చూశాడు. నూనె కారడం లేదు. టైర్లు బాగున్నాయి. ఇంజన్ పొగ కొట్టలేదు.

"తీస్కో అన్న. మంచిగున్నది" అన్నాడు.

ఎల్లేశ్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఆగి ఉన్న బండి స్టీరింగ్ తిప్పి చూశాడు. రెండు చేతులతో గుంజితే తప్ప తిరగలేదు. దిగి వచ్చి, "ఇది వద్దు" అన్నాడు.

"ఎందుకు?"

"స్టీరింగ్ బిగుసుగున్నది."

"లోడు బండి స్టీరింగ్ గట్లనే ఉంటది. డ్రైవర్‌కు అలవాటైతది. ఇసొంటి జాకీ ఎన్కులాడినా దొరకదు."

"వద్దన్న గద."

తిరిగి వచ్చేటప్పుడు కృపాకర్‌కు కోపం వచ్చింది. "నా మాటకు విలువ లేనప్పుడు నన్నెందుకు తిప్పుతున్నవు? నేను బండికి పనికిరాను, మోకుకు పనికిరాను. ఇంటికాడ దించు" అన్నాడు. ఎల్లేశ్ దించాడు గానీ, ఎందుకు వద్దన్నాడో చెప్పలేదు.

మూడో బండి సంగతి లిదియా తెచ్చింది. హాస్టల్‌కు కూరగాయలు వేసే మనిషి, చందనవెల్లి దగ్గర మారయ్య అనే పెద్దాయన టిప్పర్ అమ్ముతున్నాడని చెప్పాడట. కృపాకర్ రానన్నాడు. లిదియా ఊరుకోలేదు.

"ఎల్లేశన్న నీ చుట్టూ ఎందుకు తిరుగుతుండు? బండి చూసెటోళ్ళు దొరకకనా? ఈ ఒక్కటి చూసిరా. తర్వాత నీ ఇష్టం."

మారయ్య ఇల్లు పొలంలోనే ఉంది. బండి వేపచెట్టు నీడలో ఉంది. రంగు వెలిసి, ఒక పక్క సొట్ట పడి ఉంది. మారయ్య కళ్ళజోడు సర్దుకుంటూ, వచ్చినవాళ్ళు అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దుగాల రెండో గేరు తొందరగ పడదు. వెనక ఎడమ చక్రం కాడ ఆయిల్ సీలు కారుతది, మార్చుకోవాలె. పశువుల ఎరువు తోలిన బండి, వాన పడితే వాసనొస్తది. నాకు కండ్లు కనిపిస్తలేవు. దవాఖానల ఆపరేషన్ అంటున్నరు. అయినంక గూడ నడపొద్దని నా బిడ్డ ఒట్టేయించుకున్నది. లేకుంటే అమ్మేటోన్ని గాదు."

కృపాకర్ డబ్బా లేపమన్నాడు. అందులో సగానికి పైగా ఎరువు ఉంది. మారయ్య లేపాడు. లేపిన వెంటనే సీటు వెనక నుంచి బరువైన ఇనుప ఊత ఒకటి తెచ్చి డబ్బాకూ చట్రానికీ మధ్య నిలబెట్టాడు.

"జాకీ మంచిగ లేదా బాపు?" అని అడిగాడు కృపాకర్.

"శానా మంచిగున్నది. మొన్ననే దాని సీలు మార్చిన. అయినా జాకీని నమ్మ. ఊత పెట్టంది డబ్బా కిందికి చెయ్యి గూడ పోనియ్య."

కృపాకర్ చెయ్యి లుంగీ మడతలోకి పోయింది. మారయ్య అది చూశాడు.

"చెయ్యి డబ్బా కింద పడిందా బిడ్డా?"

కృపాకర్ తలూపాడు. "నేనే తొందరపడ్డ. నా బుద్ధితక్కువ."

"బండాయన ఊత పెట్టిండా?"

"లేదు. ఊత అనేది ఒకటుంటదని గూడ నాకు తెల్వదు."

"మరి నీ తప్పెట్లయితది? లేపినోడు పెట్టాలె. పనోనికి చెప్పాలె. గది వాని ధర్మం."

కృపాకర్ పొలం వైపు తిరిగాడు. వానాకాలం నుంచి ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. అయ్యో అన్నారు, దేవుడు కాపాడాడన్నారు. నీ తప్పు కాదని మాత్రం ఎవరూ అనలేదు.

ఎరువు దించి, ఊత తీసి, డబ్బాను కిందికి దించారు. అప్పుడు ఎల్లేశ్ డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"కూసో" అన్నాడు.

"నేనా?"

"నాతోని కలవకముందు క్వారీల ట్రాక్టర్ నడపలేదా? లైసెన్స్ ఉన్నది గద. బాపును ముందే అడిగిన, పవర్ స్టీరింగట, ఒక్క చేత్తోని తిరుగుతదట. కూసొని చూడు."

ఎల్లేశ్ శంకర్‌పల్లి బండి ఎందుకు వద్దన్నాడో కృపాకర్‌కు అప్పుడు అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"నా కోసం బండి ఎన్కుతున్నవా? నా మీద దయ చూపియ్యకు అన్న. నువ్వు పిల్లలు గలోనివి. మంచి డ్రైవర్‌ను పెట్టుకో."

"దయ ఎవనిక్కావాలె!" ఎల్లేశ్ గొంతు పెరిగింది. మళ్ళీ తగ్గింది. "కుర్మయ్య మంచోడే. మోకు మంచిగనే పడతడు. కానీ చెట్టెక్కి కిందికి చూస్తే నువ్వు కనిపిస్తలేవు. కాళ్ళు వణుకుతున్నయిరా. మొన్న నీలగిరి సగం ఎక్కి దిగిన. నా పెండ్లాంకు గూడ చెప్పలే. నువ్వు కింద ఉండాలె. మోకు పట్టకున్నా మంచిదే, ఏ కొమ్మ ఎటు పడ్తదో నువ్వు చెప్పాలె. బండి నడుపుకుంట ఉంటివంటే రోజూ వస్తవని గీ ఆలోచన చేసిన."

మారయ్య ఏమీ విననట్టు బండి అద్దం తుడుస్తున్నాడు.

కృపాకర్ ఎక్కాడు. ఎడమచేత్తో గేరు వేశాడు. రెండో గేరు కిర్రుమని గాని పడలేదు. కుడిచేతి బొటనవేలూ రెండు వేళ్ళూ స్టీరింగ్ మీద వేసి తిప్పితే బండి వేపచెట్టును చుట్టి పొలం గట్టు దాకా పోయింది. మొదట బిగుసుకుని కూర్చున్నవాడు, వెనక్కి వచ్చేటప్పటికి కిటికీలోంచి తల బయట పెట్టి, "ఎడమ పక్క సీలు రేపే మార్పియ్యాలె అన్న!" అని కేకేశాడు.

ఎల్లేశ్ ఆ బండే కొన్నాడు.

మొదటి పని మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌసులో దొరికింది. రాత్రి గాలికి పెద్ద తురాయి చెట్టు విరిగి షెడ్డు మీదికి ఒరిగింది. ఎల్లేశ్ ఎక్కాడు. కుర్మయ్య మోకు పట్టాడు. కృపాకర్ కింద నిలబడి, "ఆ కొమ్మ ఆగు, ముందు ఎడమది. ఇగ కొయ్యి" అని చెబుతుంటే పొద్దెక్కేసరికి షెడ్డుకు గీత పడకుండా చెట్టు కిందికి దిగింది.

కట్టె నింపుకుని చేవెళ్లలో కట్టెలు కోసే మిషన్ దగ్గరికి వచ్చారు. దించడానికి ముందు కృపాకర్ కేబిన్‌లో చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. వెనక ఇంకో బండివాడు హారన్ కొట్టాడు. ఎల్లేశ్ పోయి అతనితో, "జర ఆగు తమ్మీ" అన్నాడు.

చివరికి కృపాకర్ లీవర్ లాగాడు. డబ్బా లేచింది. దిగి, ఊత నిలబెట్టి, అది నిలిచిందో లేదో రెండుసార్లు తన్ని చూశాడు. అప్పుడు కుర్మయ్య వైపు తిరిగి, "ఇప్పుడు రా. నేను చెప్పేదాక మాత్రం ఎవ్వరూ కిందికి వంగొద్దు" అన్నాడు.

కట్టె అంతా దిగాక ఊత తీసి, డబ్బా దించి, కృపాకర్ లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చాడు. ఎల్లేశ్ మోకు చుట్టి బండిలో వేసి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"పోదామా?" అన్నాడు కృపాకర్, తాళం తిప్పుతూ.